మూడు షాపులు తిరిగారు, టైరు మాత్రం ఎవరూ విప్పలేదు

నల్గొండ నుంచి ఒక టీచరమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు, బడి ఉన్న ఊరు రాయొద్దన్నారు, రాయడం లేదు. వయసు 38. గుర్రంపోడు దాటాక లోపలికి ఉన్న ఊళ్లో ఉద్యోగం, రానూపోనూ రోజుకు 70 కిలోమీటర్ల పైనే. భర్త హైదరాబాద్‌లో పనిచేస్తారు, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్లిపోతారు. ఇంట్లో అత్తమ్మ, మామయ్య, ఇద్దరు పిల్లలు. రెండేళ్ల కిందట తన జీతం డబ్బుతో ఒక సెకండ్ హ్యాండ్ చిన్న కారు కొనుక్కున్నారు, 2019 మోడల్.

నెలన్నర కిందట బడి నుంచి వస్తుంటే వెనక ఎడమ టైరు పంచర్ అయింది. సాయంత్రం ఐదున్నర. రోడ్డుకు రెండు పక్కలా సర్కారు తుమ్మ, మనిషి అలికిడి లేదు. "అక్కడ ఆగాలంటే భయమేసి ఇంకో మూడు కిలోమీటర్లు మెల్లగా పోనిచ్చి, ఊరు కనిపించాక ఆపాను" అని రాశారు. స్టెప్నీ (డిక్కీలో ఉండే అదనపు చక్రం) చూస్తే అందులోనూ గాలి లేదు. ఫోన్ చేస్తే మామయ్య తన దోస్తును వెంటబెట్టుకుని వచ్చేసరికి ఏడున్నర. ఆ దోస్తుది టౌన్‌లో పంచర్ షాపు. మామయ్య స్కూటర్ కాలం నుంచి, ముప్పై ఏళ్లుగా అన్నీ ఆయన చేతి మీదే. సెల్‌ఫోన్ లైటు వెలుగులో "నాలుగు పంచర్లున్నయి బిడ్డా" అని నాలుగు స్ట్రిప్పులు, అంటే రంధ్రంలో దూర్చే జిగట తాడు ముక్కలు వేసి, గాలి పట్టి, 800 తీసుకున్నారు.

ఆ రోజు నుంచి ఆ టైరు నిలవడం లేదు. గాలి 33 పాయింట్లు పెట్టిస్తే మూడో రోజుకు 22. రెండుసార్లు ఆయన దగ్గరికే వెళ్తే ఒకసారి "నీ నడుపుడే అట్ల ఉన్నది" అన్నారు, ఇంకోసారి "సార్‌ను పంపియ్యి బిడ్డా, నీకు చెప్తె సమజ్ గాదు" అన్నారు. ఇంట్లో చెప్పకుండా వేరే షాపుకు వెళ్తే, "మూడు స్ట్రిప్పులు ఉత్తగనే ఏసిండు, మోసం చేసిండు. ట్యూబు ఎయ్యి, రంది ఉండది" అన్నాడు. టైర్ల షోరూమ్‌లో, "టైరు పోయింది, నాలుగూ మార్చండి, ఒక్కోటి 4,200" అన్నారు. ఈ తిరుగుడు సంగతి మామయ్యకు తెలిసింది. "నా దోస్తు దొంగనా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. భర్తేమో "ఎందుకీ గొడవ, కారు ఇంట్లో పెట్టి బస్సెక్కు, టికెట్ కూడా లేదు కదా" అంటున్నారు.

ఆవిడ అడిగేవి ఇవి. నన్ను మోసం చేశారా? ట్యూబు వేయించనా, టైర్లు మార్చనా? మామయ్యతో ఎలా మాట్లాడాలి? ఆ రోడ్డు మీద మళ్లీ కారు నడపాలంటే టెన్షన్‌గా ఉంది, ఏం చేయను? టైరు పక్కన 2319 అని అంకెలున్నాయట. ఒక స్ట్రిప్ టైరు మీది గీతలు అయిపోయే చోట, అంచుకు దగ్గరగా ఉందట. ఈ రెండు సంగతులు అడక్కుండానే రాసినందుకు ఆవిడకు థ్యాంక్స్, చాలా పనికొచ్చాయి.

*

అమ్మా, మీ ఉత్తరంలో మోసం గురించి ఒక పేజీ ఉంది, మామయ్య అలక గురించి ఇంకో పేజీ ఉంది. నాకు ముఖ్యమనిపించిన సంగతి ఒక్క వాక్యంలోనే ఉంది. "ఇంకో మూడు కిలోమీటర్లు పోనిచ్చాను." మీరు దాన్ని మాటవరసకు రాసి దాటేశారు. మూడు షాపుల్లో ఏ ఒక్కరికైనా ఈ మాట చెప్పారా? మీరు చెప్పి ఉండరు, వాళ్లూ అడిగి ఉండరు.

ఆగకుండా వచ్చినందుకు మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. పొద్దుగూకే వేళ తుమ్మచెట్ల మధ్య ఒంటరిగా ఆగమని నేనూ చెప్పను. టైరు పోతే కొనుక్కోవచ్చు. కాకపోతే ఆ మూడు కిలోమీటర్ల లెక్క ఇప్పుడు టైరు లోపల ఉంది.

కారు బరువును మోసేది రబ్బరు కాదు, గాలి. గాలి పోయాక ఆ బరువంతా టైరు పక్క గోడల మీద పడుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ గోడ రిమ్ముకూ రోడ్డుకూ మధ్య మడతపడి, నలిగి, మళ్లీ విచ్చుకుంటుంది. చిన్న కారు చక్రం కిలోమీటరుకు 500 సార్లకు పైగా తిరుగుతుంది. అంటే మీ టైరు గోడ ఆ సాయంత్రం 1,500 సార్లకు పైనే మడతపడింది. ఆ వేడికి, ఆ రాపిడికి లోపలి రబ్బరు పొర పొడిపొడిగా రాలవచ్చు. బయటికి ఏమీ కనిపించదు, పాలిష్ కొడితే మెరుస్తుంది కూడా. రిమ్ము మీంచి టైరు విప్పి, లోపల లైటు వేసి చూస్తేనే తెలుస్తుంది. నల్లటి పొడి రాలినా, గోడ లోపల చుట్టూతా గరుకుగా ఒక చార కనిపించినా, ముడతలున్నా, దారాలు తేలినా ఆ టైరు పని అయిపోయినట్టే. అలాంటి టైరుకు ఎంత మంచి పంచర్ వేసినా దండగే. రంధ్రం మూసుకుంటుంది గానీ నలిగిన గోడ మళ్లీ గట్టిపడదు.

మీ మామయ్య దోస్తు చీకట్లో బయటి నుంచి చూశారు. రెండో షాపతనూ బయటి నుంచే చూశాడు. షోరూమ్‌వాళ్లు, మీరు రాసిన తీరు చూస్తే, చక్రం కూడా ఊడదీయలేదు. ముగ్గురూ మూడు సలహాలిచ్చారు గానీ లోపల చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే ట్యూబా, కొత్త టైరా అన్న ప్రశ్నకు ఇప్పుడే జవాబు లేదు. టైరు విప్పే మెషిన్ ఉన్న షాపుకు వెళ్లి, "గాలి లేకుండా మూడు కిలోమీటర్లు నడిచింది, లోపల చూసి చెప్పండి" అని ఇదే మాట అనండి. విప్పినందుకు, మళ్లీ ఎక్కించి బ్యాలెన్సింగ్ చేసినందుకు కొంత తీసుకుంటారు. అందరికీ కలిపి ఇప్పటిదాకా మీరు ఇచ్చినదాంట్లో అది చిన్న మొత్తమే. అప్పటిదాకా ఆ టైరుతో గుర్రంపోడు దాకా వెళ్లొద్దు. స్టెప్నీలో గాలి పెట్టించి, సైజు అదే అయితే ఆ స్థానంలో బిగించుకోండి.

ఇక ఆ స్ట్రిప్పుల సంగతి. ట్యూబ్‌లెస్ టైరుకు, అంటే లోపల ట్యూబు లేని మీలాంటి టైరుకు, పంచర్ వేయడం మీరు దగ్గర నుంచి చూశారో లేదో. ముందు రంపం పళ్లలాంటి గీతలున్న ఇనుప పుల్లను, దాన్ని రీమర్ అంటారు, రంధ్రంలో దూర్చి పైకీ కిందికీ నాలుగైదుసార్లు రాపాడిస్తారు. తర్వాత గోధుమరంగులో జిగట జిగటగా ఉండే తాడు ముక్కను సూది కన్నంలోకి ఎక్కించి, సొల్యూషన్ పూసి, బలంగా లోపలికి పొడుస్తారు. రెండు కొసలూ అంగుళం మేర బయట ఉండగానే సూదిని ఒక్క ఊపులో వెనక్కి లాగుతారు. తాడు లోపల మడతపడి ఇరుక్కుంటుంది. బయటి తోకలు బ్లేడుతో కోసేస్తారు. ఐదు నిమిషాల పని, టైరు విప్పక్కర్లేదు. మేకు మధ్యలో దిగి, రంధ్రం చిన్నదైతే ఈ స్ట్రిప్ ఏళ్ల తరబడి నిలిచిన టైర్లు నేను చూశాను. కానీ అది గట్టిగా బిగించిన బిరడాలాంటిదే. లోపలి పొరను అతికించదు. రీమర్ గీసిన చోట టైరులోని ఉక్కు తీగలు తెగవచ్చు, తడి దిగితే తుప్పు పట్టవచ్చు.

దీనికంటే మేలైన పద్ధతి లోపలి నుంచి వేసే ప్యాచ్. పుట్టగొడుగులా కాడ, గొడుగు రెండూ ఉంటాయి కాబట్టి షాపులవాళ్లు మష్రూమ్ ప్యాచ్ అంటారు. కాడ రంధ్రాన్ని నింపుతుంది, గొడుగు లోపలి పొరకు అతుక్కుంటుంది. అది వేయాలంటే టైరు విప్పాల్సిందే కాబట్టి, వేసేవాడు లోపల చూడక తప్పదు. మీకు కావలసింది కూడా అదే.

అయితే ఏ పద్ధతికైనా హద్దులున్నాయి. రోడ్డుకు ఆనే భాగంలో (గ్రిప్ అంటారు), మధ్య గీతల మేరలోనే రిపేరు చేయాలి. రంధ్రం 6 మిల్లీమీటర్లు దాటకూడదు. పక్క గోడకు, గోడా గ్రిప్పూ కలిసే మలుపుకు (షోల్డర్ అంటారు) రిపేరు లేదు. ఎందుకంటే ఆ భాగం ప్రతి చుట్టుకూ వంగి లేస్తుంటుంది, అక్కడ దూర్చిన ముక్క కదులుతూనే ఉంటుంది. మీరు చెప్పిన, అంచు దగ్గరి ఆ స్ట్రిప్ నిజంగా షోల్డర్‌లోనే ఉంటే, గాలి పోతున్నది అక్కడి నుంచేనని నా అనుమానం. అప్పుడు లోపలి గోడ బాగున్నా సరే, ఆ టైరు మీ రోడ్డుకు పనికిరాదు.

అనుమానం అన్నాను, రూఢి కాదు. ఇంట్లోనే మీరు తేల్చుకోవచ్చు. పొద్దున్నే, కారు కదలకముందు గాలి చూసుకోండి. నడిచి వచ్చిన టైరులో వేడికి రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, ఆ లెక్క నమ్మకూడదు. మీ కారుకు ఎంత పెట్టాలో డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. మగ్గులో గిన్నెలు తోమే సబ్బు నీళ్లు చిక్కగా కలిపి, ముందు వాల్వ్ మూత తీసి ఒక చుక్క వేయండి. మా చిన్నప్పుడు సైకిల్ షాపు తాత వేలికి ఎంగిలి చేసుకుని వాల్వ్ నోటికి రాసేవాడు. బుడగ ఉబ్బిందంటే "పిన్ను పోయింది" అని తేల్చేసేవాడు. అదే పరీక్ష ఇది, కాస్త శుభ్రంగా. వాల్వ్ లోపలి పిన్ను పోయిందని తేలితే మీ నెలన్నర రంది అతి తక్కువ ఖర్చుతో తీరిపోతుంది, అలా జరిగినా ఆశ్చర్యం లేదు. తర్వాత టైరు రిమ్ముకు ఆనుకునే అంచంతా రాయండి. పాత కార్లకు అక్కడ తుప్పు పట్టి సన్నగా గాలి పోతుంటుంది. ఆ తర్వాత నాలుగు స్ట్రిప్పుల మీద. మూడు రోజుల్లో 11 పాయింట్లు పోవడమంటే సన్నటి లీకు. బుస్సుమని బుడగలు రావు, రెండు నిమిషాలు ఓపిగ్గా కూర్చుంటే సగ్గుబియ్యంలా చిన్న చిన్న గుళికలు తేలతాయి. తేలిన చోట సుద్దతో గుర్తు పెట్టి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ ఫొటోతో షాపుకు వెళ్లినప్పుడు "సార్‌ను పంపియ్యి" అనడం ఎవరికైనా కష్టం.

మోసం జరిగిందా అని అడిగారు. నాకు తెలియదు, ఆ రెండో షాపతనికీ తెలియదు. రీమర్ దూరిన తర్వాత అంతకుముందు అక్కడ ఏముందో చెప్పడం ఎవరి వల్లా కాదు. నాలుగు పంచర్లు నిజంగా ఉండి ఉండవచ్చు. ఇల్లు కడుతున్న చోట సెంట్రింగ్ మేకుల మీదుగా ఒక్కసారి పోయినా చాలు. లేదా టైరులో నాలుగు మేకులు కనిపించాయి గానీ వాటిలో కొన్ని లోపలిదాకా దిగకపోయి ఉండవచ్చు. చీకట్లో, సబ్బు నీళ్లు లేకుండా, మీరూ మామయ్యా రోడ్డు మీద నిలబడి ఉండగా ఆ తొందరలో కనిపించినదాన్నల్లా పొడుస్తూ పోతే, పంచర్ కానిది కూడా పంచర్ అవుతుంది. అది మోసం కాదు, మొరటు పని. మూడోది, కావాలనే పొడిచి ఉండవచ్చు. హైవేల పక్కన అలాంటివి జరుగుతాయి, కాదనను. కానీ ముప్పై ఏళ్ల దోస్తు కోడలి కారుకు, రాత్రిపూట ముప్పై కిలోమీటర్లు వచ్చి మరీ ఆ పని చేశాడంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. నా మాట తప్పు కావచ్చు. ఒకటి మాత్రం కచ్చితంగా చెప్పగలను. "నీ నడుపుడే అట్ల ఉన్నది" అన్నది ఉత్త మాట. ఎలా నడిపినా మంచి టైరులో గాలి మూడు రోజుల్లో 11 పాయింట్లు తగ్గదు.

ఆ 800 వదిలేయండి. రుజువు చేయలేనిదాని కోసం మీరు కోల్పోయేది 800 కంటే పెద్దది. ఇకమీదట ఎక్కడ పంచర్ వేయించినా, రీమర్ ముట్టుకోకముందే సబ్బు నీళ్లు చల్లించి బుడగ చూపించమనండి. చూశాకే మేకు పీకమనండి, పీకిన మేకు మీ చేతిలో పెట్టమనండి. ఇది అనుమానంతో చేసే పని కాదు. మంచి పనివాడు అడక్కుండానే చూపిస్తాడు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

టైరు విప్పి చూశాక గోడ శుభ్రంగా ఉండి, అంచు దగ్గరి ఆ రంధ్రం కూడా గీతల మేరలోనే ఉందని తేలితే, స్ట్రిప్పులు తీయించి లోపలి నుంచి ప్యాచులు వేయమని అడగవచ్చు. రెండు రంధ్రాలు పక్కపక్కనే ఉంటే వేయనంటారు, అన్నా వాదించకండి. ఇది చవకైన దారి. కానీ 2319 అంటే 2019లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైన టైరు. బహుశా కారుతో పాటు వచ్చినదే. ఐదేళ్లు దాటిన టైర్లను ఏటా ఒకసారి చూపించుకోమని, పదేళ్లు దాటితే పైకి ఎలా ఉన్నా మార్చేయమని టైర్ల కంపెనీలు చెబుతాయి. నాలుగు గాట్లు పడ్డ అంత వయసు టైరు మీద ఎంత ఖర్చు పెట్టాలన్నది మీరే లెక్కేసుకోండి.

కొత్త టైరు అయితే నాలుగూ మార్చాల్సిన పని ఉండకపోవచ్చు. గీతల అడుగున అక్కడక్కడా చిన్న గట్టులు కనిపిస్తాయి, గ్రిప్ అరిగి ఆ గట్టుకు సమానమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, అక్కడితో మార్చాలి. మిగతా మూడింట్లో అంత అరుగుదల, పగుళ్లు, బుగ్గలు లేకపోతే వెనక రెండు మార్చి ఆపేయవచ్చు. ఒకటే మార్చడం ఎందుకు వద్దంటానంటే, ఒకే ఇరుసు మీద ఒక పక్క కొత్త గ్రిప్, ఇంకో పక్క అరిగిన గ్రిప్ ఉంటే తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగవచ్చు. తీసేసిన కుడి టైరు బాగుంటే దాన్ని స్టెప్నీకి వాడుకోండి, పాత స్టెప్నీ ఎప్పటిదో దాని అంకెలూ చూడండి. 8,400 అవుతుంది. ఈ నెల కష్టమైతే వచ్చే నెల దాకా స్టెప్నీ మీద నడపవచ్చు, కానీ అప్పుడు డిక్కీలో మీకు ఇంకో చక్రం ఉండదు. మీ రోడ్డు మీద అది చిన్న విషయం కాదు.

ట్యూబు సంగతి కాస్త గట్టిగానే చెబుతాను. మన దగ్గర చాలామంది వేయిస్తారు, వేయించి "నాకేం కాలేదు" అంటారు. ట్యూబ్‌లెస్ టైరు లోపలి వైపు ట్యూబు కోసం నున్నగా చేసినది కాదు. ట్యూబు లోపల రాసుకుని వేడెక్కుతుంది. మీ టైరుకైతే నాలుగు స్ట్రిప్పుల తోకలు లోపల పొడుచుకుని ఉన్నాయి, అవే ట్యూబును తింటాయి. పైగా ట్యూబ్‌లెస్‌కు ఉన్న పెద్ద సుఖమే పోతుంది. మేకు దిగినా గాలి మెల్లగా పోయే టైరును, ఒక్కసారిగా దిగిపోయే టైరుగా మార్చుకుంటున్నారు. ఇంటి చుట్టుపక్కల తిరిగే కారు అయితే ఏమో గానీ, రోజుకు 70 కిలోమీటర్ల మనిషికి నేను చెప్పను. లోపల పోసే జెల్ కూడా అంతే, గ్రిప్ మధ్యలో చిన్న రంధ్రానికి పనిచేస్తుంది, షోల్డర్‌కు పనిచేయదు. పోశాక ఆ టైరు విప్పేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు.

మూడు రోజులకోసారి గాలి పట్టించుకుంటూ నెట్టుకురావడం, ఇప్పుడు మీరు చేస్తున్నది, అన్నిటికంటే చెడ్డ దారి. 22 పాయింట్లతో ఎండాకాలం మధ్యాహ్నం నడిస్తే గోడ ఎక్కువగా వంగి వేడెక్కుతుంది. ఆ మూడు కిలోమీటర్ల దెబ్బకు రోజూ ఇంకాస్త కలుపుతున్నట్టే.

మామయ్య సంగతి. ఏమీ చెప్పకుండా మీ పని మీరు చేసుకోవచ్చు, కానీ నల్గొండలో షాపువాళ్ల మధ్య మాట ఎంత వేగంగా తిరుగుతుందో మీకు ఒకసారి తెలిసొచ్చింది. "మీ దోస్తు మోసం చేశాడు" అని ముఖం మీదే అనవచ్చు. నిరూపించలేరు, ఆయన ముప్పై ఏళ్ల స్నేహం మీ ఒక్క టైరు మీద తెగుతుంది, తెగకపోతే మీ ఇద్దరి మధ్య మాట తెగుతుంది. మూడోది, "మామయ్యా, ఆ రోజు గాలి లేకుండా నేను మూడు కిలోమీటర్లు నడిపాను, లోపల పాడైందేమో విప్పి చూపిద్దాం, మీరూ రండి" అనడం. ఇందులో అబద్ధం లేదు, ఆయన దోస్తు ప్రస్తావనే రాదు. దీనికీ ఒక ధర ఉంది. "అదిగో, తప్పు నీదేనన్నమాట" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. మామయ్య కాకపోతే అత్తమ్మ. దాన్ని ఒక చెవితో విని వదిలేయగలరా అన్నది మీకే తెలియాలి. నాకైతే ఆ ధర మిగతా రెండిటి కంటే చవకగానే కనిపిస్తోంది. టైరు విప్పేటప్పుడు ఆయన పక్కనే నిలబడి, ఆ నల్లపొడి ఆయనే చూస్తే, తర్వాత మాట్లాడాల్సినది సగం తగ్గుతుంది.

ఆ దోస్తును పూర్తిగా వదిలేయాల్సిన పనీ లేదు. ఆయన దగ్గర టైరు విప్పే మెషిన్ ఉంటే అక్కడే విప్పించండి. గడ్డపారలతో విప్పుతానంటే మాత్రం వద్దనండి, రిమ్ముకు ఆనే అంచు చిరిగితే ఆ టైరు ఇక గాలి పట్టదు. గాలి, వాల్వ్ పిన్ను లాంటి చిన్న పనులకు ఆయన దగ్గరికే వెళ్లండి. మళ్లీ "సార్‌ను పంపియ్యి" అంటే, "మామా, రోజూ నడిపేది నేను, నాకే చెప్పు" అనండి. కోపంగా కాదు, బెంచీ మీద కూర్చుని.

మీవారి మాట. బస్సు తీసిపారేసే సలహా కాదు. ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక, 2023 డిసెంబర్ నుంచి, పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ మీకు టికెట్ లేదు. టైరు పని తేలేదాకా తప్పకుండా బస్సులోనే వెళ్లండి. కానీ బస్సు దిగి మీ బడికి ఎంత నడవాలో, సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికో మీరు రాయలేదు. అది ఆయనకు తెలుసా? బహుశా ఆయన అంటున్నది కారు వద్దని కాదు. వంద కిలోమీటర్ల దూరంలో ఫోన్ పట్టుకుని రెండు గంటలు ఏమీ చేయలేక కూర్చున్నాడు, ఆ రెండు గంటలు మళ్లీ రావద్దని. అలా అయితే ఆయనతో బస్సా కారా అని వాదించడం కంటే, ఒక ఆదివారం ఇంటి ముందు స్టెప్నీ మార్చడం నేర్చుకోండి. ఆయన ముందు, మామయ్య ముందు.

సమతలం మీద కారు ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫస్ట్ గేరులో ఉంచి, ఎదురు మూలన ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. జాకీ ఎత్తకముందే నట్లు వదులు చేయాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే షాపుల్లో ఎయిర్ గన్‌తో బిగించిన నట్టు చేత్తో కదలదు. పానాను నేలకు సమాంతరంగా ఎడమ వైపుకు ఉండేలా తగిలించి, కొస మీద కాలు పెట్టి మీ బరువు మోపండి. కిర్రుమని ఒక చప్పుడు వస్తుంది, భయపడకండి, అది వదులవుతున్న చప్పుడే. జాకీ కింద పెట్టే చోటు కారు అడుగున గాట్లతో గుర్తుపెట్టి ఉంటుంది, ఇంకెక్కడ పెట్టినా రేకు వంగుతుంది. కారు కిందికి చేయీ కాలూ పెట్టకండి. కొత్త చక్రానికి నట్లు ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురుగా బిగించి, కిందికి దించాక మళ్లీ గట్టిగా బిగించండి. మర్నాడు ఇంకోసారి చూసుకోండి. మొదటిసారి ముప్పావుగంట పడుతుంది, మూడోసారికి ఇరవై నిమిషాలు.

దారిలో టైరులో మేకు కనిపించినా గాలి నిలిచే ఉంటే పీకకండి. నేను ఒకసారి మల్లేపల్లి దగ్గర తెలివి ప్రదర్శించి పీకాను, ఐదు నిమిషాల్లో రిమ్ము నేలకు తగిలింది. ఉంచేస్తే మెల్లగా షాపు దాకా వచ్చేదాన్ని. కారు సాకెట్‌కు తగిలించే చిన్న గాలి పంపు ఒకటి డిక్కీలో ఉంటే, సన్నటి లీకుతో కూడా తుమ్మచెట్లు దాటి ఊరు చేరవచ్చు. అన్నట్టు, 2020లో నిబంధన మారాక, గాలి ఎంతుందో చూపించే ఏర్పాటు, రిపేర్ కిట్ ఇస్తే స్టెప్నీ లేకుండానే కార్లు అమ్మవచ్చు. రేపెప్పుడైనా కారు మారిస్తే డిక్కీ తెరిచి చూశాకే బేరమాడండి. హైదరాబాద్ వైపు 65వ నంబరు హైవే ఎక్కినప్పుడు ఆగిపోతే 1033కు ఫోన్ చేయవచ్చు, జాతీయ రహదారులకు అది పనిచేస్తుంది.

స్టెప్నీలో గాలి నెలకోసారి చూడండి. టైరు విప్పించాక లోపల ఏం కనిపించిందో, పొడి రాలిందో లేదో, నాకు రాయండి. షోల్డర్ దగ్గరి ఆ స్ట్రిప్ ఫొటో కూడా పంపండి, అది నిజంగా గీతల అవతలే ఉందో లేదో చూస్తాను.